పరదేశమున పదినెలల చదువు



కుమారుడు బి.టెక్. ముగించి అమెరికాకు బోవుట మన నెల్లూరు సీమలో నిప్పు డొక వింత గాదు. అప్పు దెచ్చుట, వీసాకై తిరుగుట, చెన్నపట్టణపు విమానాశ్రయమున కన్నీరు దుడుచుకొనుట మన యిండ్లలో నలవాటైన పనులే. ఈ నెల నేను వ్రాయబూనినది దానిని గూర్చి కాదు. పదునైదు పదునాఱేండ్ల బాలిక, యింకను బడిలో నుండగానే, పరదేశమున నొక కుటుంబమువారి యింట నుండి, అచ్చటి బడిలో నొక విద్యాసంవత్సరము చదివి, మరల మన యింటికి వచ్చు పద్ధతి యొకటి కలదు. దానిని విద్యార్థి వినిమయ మందురు. మైపాడు, తూపిలిపాళెము వంటి తీరగ్రామములలోని బాలికల కిది యందరాని పండని యనేకు లనుకొందురు. ధనము లేనివారికిని కొన్ని దారులున్నవి గనుకనే యీ మాట యెత్తితిని.

ఈ పద్ధతి పుట్టిన తీరు చిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, ఫ్రాన్సులో గాయపడిన సైనికులను జేరవేయుటకై కొందఱు అమెరికను యువకులు బండ్లు నడపిరి. అమెరికన్ ఫీల్డ్ సర్వీసు అను ఆ సంఘమువారే, రెండవ యుద్ధము ముగిసిన పిమ్మట, ఒకరి బిడ్డ లొకరి యింట నన్నము దిని చదువుకొన్నచో వైరము కొంత తగ్గునని తలచి, 1947లో బాలబాలికలను దేశము మార్చి చదివింప నారంభించిరి. మన దేశమునకును అమెరికాకును ఫుల్‌బ్రైట్ ఒడంబడిక 1950 ఫిబ్రవరి 2వ తేదీన జరిగినది; కాని యది పెద్దచదువులవారికి. బడిపిల్లలకై అమెరికా ప్రభుత్వము 2002లో కెన్నెడీ-లూగర్ పథకము నేర్పఱచెను. ప్రయాణపు ఖర్చు, బీమా, చేతిఖర్చుతో సహా ప్రభుత్వమే భరించునట్టి పథకమది. మన దేశపు పిల్లలును దానిక్రింద బోయి వచ్చియున్నారు. రోటరీవారు 15 మొదలు 19 ఏండ్లవఱకు గలవారిని బంపుదురు. అందు రానుపోను ఖర్చు సాధారణముగా తల్లిదండ్రులదే. 2023 సెప్టెంబరులో మన ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు పదిమంది న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి కార్యాలయమునకు బోయి వచ్చిరి. అది కొలదిదినముల యాత్రయే గాని, పల్లెబడిలోని పిల్లకు పాస్‌పోర్టుతో పనియేమను మాట దానితో దీరినది. ఈ పథకముల నిబంధనలు ఏటేట మారుచుండును. ఆ యేటి ప్రకటనను స్వయముగా జదువవలెనే గాని, “సీటు ఇప్పించెద” నని సొమ్మడుగు దళారిని నమ్మరాదు.

ఇక అసలు ప్రశ్న. ఎదిగిన పిల్లను ముక్కుమొగ మెఱుగనివారి యింటికి బంపుట యెట్లు? ప్రశ్న న్యాయమైనదే. కాని మనము పంపనివారమా? వరుని జీత మడిగి, పొల మడిగి, జాతకము జూచి, ఆ యింటి స్వభావము మాత్రము పెండ్లియైన పిమ్మటనే తెలిసికొన్న తల్లులు మనలో నెందఱో! 1923లో పొణకా కనకమ్మగారు నెల్లూరిలో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిననాడు, ఆడపిల్లను బడికి బంపుటయే చర్చకు వచ్చిన విషయము. నేడు మనము సముద్రము దాటుటను గూర్చి చర్చించుచున్నాము.

అమెరికాలో నీ విషయమున చట్టము కొంత కఠినముగనే యున్నది. ఆతిథ్యమిచ్చు కుటుంబమువారి యింటికి సంస్థవారు స్వయముగా బోయి చూడవలెను. ఆ యింట పదునెనిమిదేండ్లు దాటిన ప్రతివ్యక్తికిని నేరచరిత్ర గలదేమో విచారింపవలెను. పిల్లకు ప్రత్యేకమైన పడక యుండవలెను. ఆ ప్రాంతపు ప్రతినిధి నెలకొకసారియైన పిల్లతో మాటాడవలెను. ఆ కుటుంబమువారు కూలికి గాక, యిష్టముచేతనే పిల్లను బెట్టుకొందురు. ఇన్ని యున్నను చెడు జరుగనే జరుగదని నేను చెప్పను. కావుననే పిల్ల బయలుదేరకమునుపు, ఆ ప్రతినిధి పేరు, ఫోను సంఖ్య, సంస్థవారి యత్యవసర సంఖ్య, మూడును పిల్లకు కంఠస్థము కావలెను. ఫోనులో నుంచినచో జాలదు. పోయినది ఫోనే యైనచో? మఱియొకటి: “ఆ యింట నీ కిబ్బంది గలిగినచో, మా పరువు పోవునని యెంచక మొదటిదినమే చెప్పుము” అని తల్లి స్వయముగా జెప్పవలెను. సర్దుకొనిపొమ్మని చెప్పుట మనకు నాలుక చివర నుండు మాట. ఈ ప్రయాణమున నా మాట చెప్పరాదు. ఇల్లు నచ్చనిచో మార్చుటకు పద్ధతి యున్నది.

పోయినవారు తిరిగిరారను భయమును గలదు. దానికి మన చరిత్రయే కారణము. భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, మామగారి సాయముతోను కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ యాదరముతోను, 1920ల తొలినాళ్ల నమెరికాకు బోయిరి. మరల రాలేదు, 1948లో నచ్చటనే మరణించిరి. వైద్యశాస్త్రమున నాయన చేసిన మేలు లోక మెఱుగును. ఇచ్చట మిగిలిన భార్య శేషగిరిగారి యేండ్లను లెక్కించినవారు తక్కువ. వినిమయ మట్లు కాదు; తిరిగివచ్చుట దానిలోనే యిమిడియున్నది. ఈ పిల్లల కిచ్చు వీసా ‘జె’ తరగతిది. చదువు ముగిసిన ముప్పదిదినములలోపల బయలుదేరవలెను. ప్రభుత్వధనముతో బోయినవారు స్వదేశమున రెండేండ్లు గడపినగాని మరికొన్ని వీసాలకు బాత్రులు కారు.

పనుల మాటకు వత్తము. మొదటిది పేరు, ఇందే మనవారికి జిక్కెక్కువ. మన ఇంటిపేరు ముందు, పిలుపుపేరు వెనుక. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క యక్షరము, ఆధారులో పూర్తిగా, జననపత్రమున నసలే లేకపోవచ్చును. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పిలుపుపేరు వేర్వేఱు గడులలో విడివిడిగా నుండవలెను. రెండును ఒకే గడిలో వ్రాసినచో, అమెరికా వీసామీద పిలుపుపేరు చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అను మూడక్షరములు పడును. పేరు తెలియదని దాని యర్థము. బంగారమువంటి పేరు పెట్టుకొని, పేరు లేని పిల్లగా బడిలో జేరుట యేల? కావున బడిపత్రము, జననపత్రము, ఆధారు మూడును ఒకే పేరు చెప్పునట్లు ముందేడాదియే దిద్దించుకొనుడు. మైనరు పాస్‌పోర్టునకు తల్లిదండ్రు లిరువురి సమ్మతిపత్రము కావలయును. తండ్రి గల్ఫు దేశములలో నున్న యిండ్ల కీ సంతకమే నెలలు పట్టించును.

వీసా ప్రశ్నలకు సమాధానము పిల్లయే చెప్పవలెను. చుట్టము లడిగిన ప్రశ్నకు గూడ తల్లియే బదులు చెప్పు నలవాటు మన యిండ్లలో నున్నది. ఆ యలవాటును ఆఱునెలల ముందే మానుకొనవలెను. బ్యాంకుకు, తపాలా కచేరికి, వైద్యుని యొద్దకు పిల్లనే ముందు నిలిపి మాటాడింపుడు. 2025 జూనునుండి విద్యార్థులు, వినిమయమున బోవువారు తమ సామాజిక మాధ్యమముల ఖాతాలను అందఱు చూచునట్లు తెఱచియుంచవలెనని అమెరికావారు కోరిరి. పిల్ల అందేమి వ్రాసినదో తల్లి యొకసారి పిల్లతో గూర్చుండి చూచుట మంచిది, కోపము లేకుండ.

టీకాల విషయమున తొందర పడవలెను. మన ప్రభుత్వపు టీకాలలో తట్టు, రుబెల్లాలకు మందు గలదు. గవదబిళ్లలకు, ఆటలమ్మకు లేదు. అమెరికా బడులు సాధారణముగా వీనినిగూడ నడుగును. ఈ రెంటికిని రెండేసి మోతాదులు కావలయును. మోతాదునకును మోతాదునకును నడుమ కనీసము నాలుగువారము లుండవలెను. విమానము టిక్కెట్టు చేతికి వచ్చిన తరువాత వైద్యుని వెదకినచో గాలము చాలదు. పసితనమున అంగన్‌వాడీలో నిచ్చిన తల్లీబిడ్డల కార్డు బీరువాలో నెచ్చటనో యుండును. దానిని వెదకి యింగ్లీషున వైద్యునిచే వ్రాయించి సంతకము చేయించుకొనుడు. క్షయపరీక్షయు నడుగుదురు. చిన్ననాడు బి.సి.జి. పొందినవారికి చర్మపరీక్షలో వ్యాధి లేకున్నను ఉన్నట్లు కనబడవచ్చును. రక్తపరీక్ష కోరుట మేలు.

పెట్టె సంగతి కొంచెమే చెప్పెదను. మన తల్లుల మనసంతయు దానిమీదనే యుండునని యెఱుగుదును. కరివేపాకును పంపరాదు, అమెరికాలో దాని దిగుమతిని నిషేధించిరి. మాంసపు పచ్చడియు కుదరదు. ఆవకాయను పెద్దపెట్టెలోనే పెట్టవలెను. చేతిసంచిలో నున్నచో ద్రవపదార్థ మని తీసివేయుదురు. ఎండుచేపలను స్వంతమునకు గొంచెము తీసికొనిపోవుటకు చట్ట మడ్డుచెప్పదు గాని, ఆతిథ్యమిచ్చిన యింట మొదటిదినముననే వానిని వేయించుట వలదు! ఏది తీసికొనిపోయినను దిగునపుడు కాగితముమీద వ్రాసి చెప్పవలెను, దాచినచో జరిమానా. మంచుకోటు నెల్లూరిలో వెదకవలదు, అచ్చటనే కొనవచ్చును.

పెట్టెకన్న ముఖ్యము అలవాట్లు. మన యింట నతిథి “వద్దు” అన్నను మరల వడ్డింతుము. అచ్చట నొకసారి వద్దన్నచో పళ్లెము తీసివేయుదురు. ఆకలిగొన్న పిల్ల మొగమాటముతో బడుకొనవలసినదే. మనవారిలో తల్లికి, అన్నకు కృతజ్ఞతలు చెప్పుట పరాయితనముగా దోచును. అచ్చట గ్లాసుడు నీళ్లిచ్చినను చెప్పకున్నచో పొగరనుకొందురు. తన గిన్నె తాను గడుగుకొనుట, తన బట్ట తాను ఉదుకుకొనుట, నెలసరికి వలసినవి సిగ్గుపడక యడుగుట, వీనిని ఇంటనే నేర్పుడు. 1840లో శామ్యూల్ డే అను అమెరికను మిషనరీ నెల్లూరికి వచ్చెను. ఆ తరువాత వచ్చిన మిషను స్త్రీలు నెలల తరబడి యోడలో బ్రయాణించి, మన తెలుగు నేర్చి, మన యిండ్ల ముంగిట గూర్చుండిరి. వారు నేర్చినది మన పిల్ల నేర్వలేదా?

ఫోనును గూర్చి మాత్రము కఠినముగా జెప్పుచున్నాను. మనకు రాత్రి ఎనిమిదిగంట లైనపుడు, న్యూయార్కులో, ఋతువును బట్టి, ఉదయము తొమ్మిదిన్నరయో పదిన్నరయో యగును. పిల్ల బడిలో నుండును. దినమున నాలుగుసార్లు పిలిచినచో, ఒడలచ్చట మనసిచ్చట నగును. వారమున కొకమాఱు, నిర్ణయించిన సమయమున మాటాడుడు. దీనికొక మినహాయింపు కలదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు కడ రైలుదారి కొట్టుకొనిపోయినది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరమును దడిపినది. అట్టి వార్తలు దూరదేశమున నున్న పిల్లకు పదింతలై వినబడును. గాలివాన హెచ్చరిక వచ్చినదినమున, కరెంటు పోకమునుపే, “మేము క్షేమము, రెండుదినములు ఫోను పనిచేయకపోవచ్చును” అని ముందుగా జెప్పుడు. మనము వారికై భయపడుదుము గాని, వారు మనకై భయపడుదురని మఱచుచుందుము.

కడపట, ఏడాది పోవునను మాట. పదవతరగతి ముగిసిన పిల్ల ఇంటర్మీడియటు విడిచిపోయినచో, ఈఏపీసెట్ పరీక్షకు దోటివారికంటె నొకయేడు వెనుకబడుట నిజము. అచ్చటి సంవత్సరమును మన బోర్డు దానంతట నదియే లెక్కలోనికి దీసికొనదు. ఇరువదేండ్లు ముగియకముందే యింజనీరు కావలెనను గృహమున కీ పద్ధతి తగదు. ఒకయేడు ఆలస్యమైనను బిడ్డ తన మాట తాను జెప్పుకొనగలిగిన జాలునను వారికే తగును. అట్టివారు బయలుదేరకమునుపే కళాశాలలో మరల జేర్చుకొనునట్లు వ్రాతపూర్వకమైన యనుమతి పొందవలెను. తిరుగుప్రయాణమునకు ముందు అచ్చటి బడినుండి మార్కుల పత్రమును, హాజరు పత్రమును ముద్ర వేయించి తెచ్చుకొమ్మని పిల్లతో జెప్పుడు. వేసవిలో బడులు మూసివేయుదురు, అప్పు డడిగిన బదులు చెప్పువా రుండరు.