తప్పు ఒప్పుకున్న చెయ్యి

చర్చిలో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు ప్రార్థన చెప్పడం కష్టమేమీ కాదు. పక్కవారూ అవే మాటలు అంటుంటారు కనుక సిగ్గు ఉండదు. ‘మేమందరం పాపులమే’ అని తలలు వంచుకుంటాం. ‘ఫలానా తప్పు నేనే చేశాను’ అని ఒక్క మనిషి ఎదుట చెప్పవలసి వస్తే మాత్రం గొంతు పెగలదు. ఒక జాతి మొత్తానికి ఒప్పుకోలు ప్రార్థన నేర్పిన ఆర్చిబిషప్‌కు కూడా తన సొంత తప్పు ఒప్పుకోవడానికి ప్రాణం మీదికి వచ్చేదాకా ధైర్యం చాలలేదు. ఆయనే ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్.

1489లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని అస్లాక్టన్ అనే ఊళ్లో పుట్టిన క్రాన్మర్ నలభై ఏళ్ల వయసు దాకా కేంబ్రిడ్జిలో చదువుకుంటూ, చదువు చెబుతూ గడిపిన పండితుడు. రాజు ఎనిమిదవ హెన్రీ తన భార్య కేథరిన్‌తో వివాహం రద్దు కావాలని పట్టుబట్టిన రోజులవి. రాజుగారి ఈ వ్యవహారంలో విశ్వవిద్యాలయాల పండితుల అభిప్రాయం అడగవచ్చునని 1529లో క్రాన్మర్ ఇచ్చిన సలహా రాజు చెవిన పడింది. నాలుగేళ్లు తిరిగేసరికి 1533లో ఆయన ఆర్చిబిషప్ అయ్యాడు. ఆ ఏడాదే రాజు కోరినట్టు కేథరిన్ వివాహం చెల్లదని, ఆన్ బోలిన్ వివాహం చెల్లుతుందని తీర్పు చెప్పాడు. మూడేళ్లకు రాజు మనసు మారింది. ఆన్ పక్షాన జంకుతూనే రాజుకు ఒక ఉత్తరం రాశాడు గాని, చివరికి ఆ వివాహమూ చెల్లదని తానే ప్రకటించాడు. గురువులు పెళ్లి చేసుకోకూడదన్న చట్టం 1539లో కఠినమైతే, తాను జర్మనీలో రహస్యంగా పెళ్లాడిన భార్య మార్గరెట్‌ను దూరంగా పంపివేశాడు.

అంతకన్నా బాధాకరమైన సంగతి మరొకటుంది. 1533లో జాన్ ఫ్రిత్ అనే యువ పండితుడు ప్రభువు బల్ల సంస్కారం గురించి తాను నమ్మినదాన్ని వదులుకోలేదని సజీవంగా దహనం చేశారు. ఆయనను విచారించినవారిలో క్రాన్మర్ ఉన్నాడు. పదిహేనేళ్ల తరువాత దాదాపు ఫ్రిత్ నమ్మిన సంగతినే క్రాన్మర్ కూడా బోధించాడు! నమ్మకం కోసం మనుషుల్ని కాల్చిన పాపం ఆ కాలంలో అన్ని పక్షాలకూ అంటింది. అందులో క్రాన్మర్‌కు మినహాయింపు లేదు.

అలాగని ఆయన దుర్మార్గుడు కాదు, మెతక మనిషి. 1543లో కాంటర్‌బరీ గురువులే కొందరు ఆయన మీద కుట్ర పన్ని, ఆయన దుర్బోధకుడని రాజుకు ఫిర్యాదు చేశారు. రాజు ఆ విచారణను క్రాన్మర్‌కే అప్పగించాడు. పగ తీర్చుకునే అవకాశం చేతికొచ్చినా ఆయన వాళ్లను క్షమించాడు. 1547 జనవరిలో మాట పడిపోయి మరణశయ్య మీదున్న రాజును, క్రీస్తునందు నమ్మిక ఉంచినట్టు ఏదైనా గుర్తు చూపమని అడిగితే, ఆ రాజు క్రాన్మర్ చేతిని గట్టిగా నొక్కాడని చెబుతారు.

బాలరాజు ఆరవ ఎడ్వర్డ్ కాలంలో ఆ చెయ్యి చేసిన పనే నేటికీ నిలిచింది. అప్పటిదాకా జనానికి అర్థంకాని లాటిన్‌లో సాగిన ఆరాధనను 1549లో ‘బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్’ ద్వారా ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 1552లో దాన్ని సవరించినప్పుడు, ఉదయ ఆరాధన ఆరంభంలోనే సభంతా కలిసి చెప్పే పాపపు ఒప్పుకోలును చేర్చాడు. రాజైనా రైతైనా అవే మాటలతో దేవుని ఎదుట మోకరించాలన్నది ఆయన తలంపు. ఆ పుస్తకం తెలుగులోకి కూడా వచ్చింది. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిన డోర్నకల్ వంటి ఆంగ్లికన్ డయాసిస్‌ల పెద్దలు ఆ ప్రార్థనలతోనే పెరిగారు.

1553లో కేథరిన్ కుమార్తె మేరీ రాణి అయింది. క్రాన్మర్ చెరసాల పాలయ్యాడు. 1555 అక్టోబరు 16న తన సహచరులు లాటిమర్, రిడ్లీ ఆక్స్‌ఫర్డ్‌లో మంటల్లో కాలిపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఒంటరితనం, వృద్ధాప్యం, మరణభయం ఆయనను కుంగదీశాయి. 1556 ఆరంభంలో కొద్ది వారాల వ్యవధిలో తాను బోధించినదంతా తప్పని ఒప్పుకుంటూ ఒకదాని తరువాత ఒకటిగా పత్రాలు రాసి సంతకం చేశాడు. అలా తిరిగివచ్చినవారిని దహనం చేయకపోవడం ఆనాటి ఆనవాయితీ. అయినా ఆయనకు క్షమాభిక్ష దొరకలేదు.

1556 మార్చి 21న వాన పడుతుండగా ఆయనను ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకొచ్చారు. తన పాత బోధలన్నీ తప్పని జనం ముందు మరోసారి చెప్పించడం అధికారుల ఉద్దేశం. ప్రసంగం చివరికొచ్చేసరికి వాళ్లు ఎదురుచూడని మాటలు ఆయన నోట వచ్చాయి. తన మనస్సాక్షిని అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తున్నది చావుకు భయపడి తన హృదయానికి విరోధంగా తన చెయ్యి రాసిన ఆ పత్రాలేనని, అందుకే ముందుగా ఆ చెయ్యే కాలుతుందని ప్రకటించాడు. చర్చిలో గగ్గోలు పుట్టింది. ఆయనను కిందికి లాగి దహన స్థలానికి తీసుకెళ్లారు. మంట లేవగానే కుడిచేతిని అందులోకి చాచి, అక్కడే ఉంచాడు.

పేతురు జీవితంలోనూ ఇలాంటిదే జరిగింది. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట చలిమంట దగ్గర నలుగురి ఎదుట ప్రభువును మూడుసార్లు ఎరగనన్నాడు (యోహాను 18). పునరుత్థానుడైన యేసు సముద్రతీరాన నిప్పుల దగ్గర, తోటి శిష్యుల ఎదుటే, తనను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు (యోహాను 21). చాటుగా పిలిచి సర్దిచెప్పి పంపేయలేదు. బహిరంగంగా జరిగిన తప్పును బహిరంగంగానే బాగుచేశాడు. పేతురును అవమానించడం ఆయన ఉద్దేశం కానే కాదు, మళ్లీ తలెత్తుకుని నిలబడేలా చేయడమే.

మన సంఘాల్లో నేడు కావలసింది ఇదే. ఆదివారం అందరితో కలిసి ఒప్పుకోలు చెప్పి, సోమవారం అన్నదమ్ముని భాగం కాజేసిన కాగితాన్ని బీరువాలో భద్రంగా దాచుకుంటే అది పశ్చాత్తాపం ఎలా అవుతుంది? చర్చి ఎన్నికల కోసం తోటి విశ్వాసి మీద అబద్ధపు అర్జీ మీద సంతకం పెట్టి, అదే చెయ్యి చాచి ప్రభువు బల్లలో రొట్టె అందుకోవచ్చునా? సహోదరునికి మన మీద విరోధముంటే అర్పణను బలిపీఠం ముందే వదిలి, వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు యేసుప్రభువు (మత్తయి 5:23, 24).

క్రాన్మర్ చివరి అరగంట ధైర్యం ఆయన అంతకుముందు చేసిన తప్పులను చెరిపివేయదు. ఫ్రిత్ తిరిగి రాలేదు. కాని తప్పు ఒప్పుకోవడానికి ఆలస్యమైపోయిందని మనిషి అనుకున్న రోజున కూడా దేవుని కృప తలుపు మూయలేదని ఆయన మరణం సాక్ష్యమిస్తుంది. మనమైతే మంటల దాకా ఆగనక్కరలేదు. వెనక్కి తీసుకోవలసిన సంతకం ఏదో మనకు తెలుసు, వెళ్లవలసిన ఇల్లు ఏదో కూడా తెలుసు. వచ్చే ఆదివారం లోపే బయలుదేరడం మంచిది.