మలుపుల చాటున బంగారు గని

పార్క్ చాన్ ఊక్ 2016లో తీసిన 'ది హ్యాండ్‌మెయిడెన్' చిత్రాన్ని మెచ్చుకునేవారు దాని మలుపుల్నే లెక్కపెడుతున్నారు. ఎవరు ఎవరిని మోసగించారో తేల్చేస్తే విమర్శ అయిపోయిందట! అసలా మోసం ఎక్కడ పుట్టిందని మాత్రం అడగరు.

మూలం సారా వాటర్స్ 2002లో ప్రకటించిన నవల. అది విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు కథ. దర్శకుడు దాన్ని 1930ల నాటి కొరియాకు, జపాను ఏలుబడి కిందికి తెచ్చాడు. ఇది కేవలం దుస్తుల మార్పా? కౌజుకి పుట్టుకతో కొరియావాడు. జపాను అధికారులకు ఊడిగం చేసి బంగారు గని సంపాదించాడు. జపాను పేరు పెట్టుకున్నాడు. స్వదేశం వికారమనీ, జపానే సౌందర్యమనీ నమ్మాడు. అతని భవనం సగం ఇంగ్లీషుది, సగం జపానుది; కొరియాకు అందులో వాటా లేదు. 'కౌంట్' ఫుజివారా కూడా జెజు ద్వీపపు పాలేరు కొడుకే. పాలకుల వేషం కడితే తప్ప మనిషిగా చెల్లని చోట మోసాన్ని వ్యక్తుల దుర్గుణమని సరిపెట్టుకోవడం ఏం విమర్శ?

కౌజుకి మేనకోడలు హిడెకో చేత పెద్దమనుషుల ముందు బూతు పుస్తకాలు చదివించి, వాటిని అమ్ముకుంటాడు. దాని పేరు సంస్కృతి! దొంగల ఇంట పెరిగిన దాసి సూకీ ఆ గ్రంథాలను చించి నీళ్ళపాలు చేస్తుంది. పుస్తకప్రియులు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. చిత్రంలో నిజమైన తిరుగుబాటు అదే.

అయితే దర్శకునితోనూ పేచీ ఉంది. ఆ గనిలో బంగారం తవ్విన కూలివాని బతుకు ఈ కథలో ఎక్కడా లేదు. స్త్రీలిద్దరూ షాంఘై ఓడ ఎక్కేది హిడెకో వారసత్వపు సొమ్ముతోనే. అది ఎవరి చెమటో చిత్రం అడగదు. మలుపులు లెక్కించినవారూ అడగలేదు.