పొలము గట్టున కౌజులకు చోటు

అజీజ్‌నగరు, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములందు పొలము గట్లకు నిప్పు పెట్టుటయో, కలుపుమందు చల్లి నున్నగా చేయుటయో నేడు శుభ్రమైన సేద్యమునకు గుర్తుగా ఎంచబడుచున్నది. ఈ అలవాటు మానవలెనని మా అభిప్రాయము. ఇది కౌజుపిట్టలకు నిలువ నీడ లేకుండ చేయుటయే గాక రైతునకును నష్టకరము.

కౌజు, పూరేడు, నెమలి, మన ఇంటి కోడి ఒక్క కుటుంబమునకు చెందిన పక్షులు. కౌజు ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. ముళ్లపొద క్రిందనో, గడ్డిదుబ్బు చాటుననో నేలపై చిన్న గుంటలో సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది వఱకు గ్రుడ్లు పెట్టి, సుమారు మూడు వారములు పొదుగును. ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకు దీనికి ముఖ్యమైన కాలము. వానలకు ముందు గట్లు కాల్చునదియు ఆ దినములలోనే. పెద్ద పిట్టలు రాలిన గింజలు, గడ్డి విత్తులు, చెదలు తినును. పిల్లలకు మాత్రము తొలి దినములలో పురుగులే ముఖ్యాహారము. గట్టున గడ్డి పోయినచో పురుగులును పోవును; పిల్లలు ఆకలిచే చచ్చును.

ఇంగ్లండులో ఈ సంగతి లెక్కలతో తేలినది. మన కౌజునకు జ్ఞాతియైన అచ్చటి పిట్టపై డిక్ పాట్స్ అను శాస్త్రజ్ఞుడు 1968 నుండి ససెక్సు ప్రాంతమున పరిశోధించి, కలుపుమందుల వలన పురుగులు తగ్గి పిల్లలు బ్రదుకకున్నవని కనుగొనెను. పిదప పైరు అంచున కొంత మేర మందు తగ్గించి విడుచు పద్ధతి అచ్చట ప్రచారములోనికి వచ్చినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కౌజులకు వల పన్నుటయు, గ్రుడ్లు తీయుటయు నేరము. చిలుకూరి మృగవని 1994లో జాతీయోద్యానమైనది. అయినను ఉద్యానపు కంచె వెలుపల, మన చేలలో తిరుగు పిట్టకు రైతే దిక్కు.

పొదలుంచినచో ఎలుకలు చేరునని కొందఱందురు. ఎలుక బొరియలు నున్నని గట్లలోను కలవు. వానిని త్రవ్వి పట్టుటకు గట్టంతయు కాల్చనక్కఱలేదు. నెమళ్లు విత్తనములు ఏరుకొని తినుచున్నవను మొఱ నిజమే. కాని నెమలి చేయు నష్టమునకు కౌజును శిక్షింపరాదు. మఱియు గడ్డివేళ్లు మట్టిని పట్టియుంచును. చెక్కిన గట్టు తొలివానకే కోసుకొని పోవును.

కావున ప్రతి రైతును ఒక గట్టున రెండు మూరల వెడల్పున గడ్డిని, రేగు, తంగేడు, బలుసు పొదలను విడువవలెను. అచ్చట నిప్పు పెట్టరాదు, మందు పడనీయరాదు. గడ్డి కోయవలసినచో సెప్టెంబరు దాటిన పిదప, ఒక ఏట సగము, మఱు ఏట సగము కోయవలెను.

ఒక్కని గట్టుతో ఈ పని తీఱదు. గట్టునకు గట్టు కలిసిననే పిట్ట దాగుచు మేత మేయగలదు. తోట బంగళాల ప్రహరీలు పొలములను ముక్కలు చేయుచున్న ఈ ప్రాంతమున ఆలస్యము తగదు. ప్రతి సంఘమును రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని తీర్మానముగా ఆమోదింపవలెనని కోరుచున్నాము.