అర గుంట జాగా ఎక్కడ?

సొంత జాగా ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి అయిదు లక్షల రూపాయలిచ్చే ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో ప్రారంభించింది. సంతోషమే. మరి జాగాయే లేనివారి గతి ఏమిటి? సిరిసిల్లలో సాంచాల మీద బతికే కార్మికుడు, కోరుట్ల, జగిత్యాలలో కిరాయి ఇంట్లో బీడీలు చుట్టే ఆడబిడ్డ అడుగుతున్నది ఇదే.

2015లో మొదలైన రెండు పడక గదుల పథకంలో జాగా కూడా ప్రభుత్వమే చూపింది. సిరిసిల్ల సమీపాన మండేపల్లిలో 1,320 ఇళ్లు 2021 జూలైలో ప్రారంభమయ్యాయి. జగిత్యాల పేదలకు మాత్రం పట్టణం వెలుపల నూకపల్లిలో కట్టారు. పని ఊళ్లో, ఇల్లు ఊరవతల అయితే కూలి డబ్బులు ఆటో కిరాయికే పోతాయి.

ఊరి పక్క భూములు వెంచర్లుగా మారుతున్నాయి. వాటికి అనుమతినిచ్చే ముందు పేదవాడి వాటా ఎంతని మన పాలకవర్గాలు అడగవద్దా? నాలుగు వందల చదరపుటడుగుల ఇంటికి అర గుంట, అంటే 60 గజాలు చాలు. ఎకరంలో సగం రోడ్లకు, ఖాళీ జాగాలకు పోయినా నలభై కుటుంబాలు నిలబడతాయి. పార్కు కోసం విడిచిన స్థలాన్ని పంచమని మేము అనడం లేదు. అది అందరిదీ. వ్యాపారి అమ్మే ప్లాట్లలోనే కొన్ని పేదలకు అందే ధరకు ఇప్పించాలి.

ఈ బేరం నాలుగు గోడల మధ్య కాదు, గ్రామసభలో, కౌన్సిల్‌లో జరగాలి. లబ్ధిదారుల జాబితా పంచాయతీ గోడ మీద కనబడాలి. అడగవలసింది ప్రజలే.