కానరాకపోవడమే లోపం

వ్యాకరణం చదువుకున్నవారికి లోపమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఉండవలసినది కానరాకపోవడమే లోపమన్నాడు పాణిని. లేకపోవడం అనలేదు, కానరాకపోవడం అన్నాడు. ముప్పయ్యేళ్ళకు పైగా కామారెడ్డి, ఎల్లారెడ్డి బడులలో పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినవాణ్ణి. అయినా ఆ మాటలోని సూక్ష్మం ఉద్యోగ విరమణ తరువాత, ఒక జాలపుట ముందు కూర్చున్నప్పుడుగాని నాకు పూర్తిగా బోధపడలేదు.

జరిగినది చెబుతాను. నిరుడు ఎల్లారెడ్డిలో మా వీధి పిల్లవాడొకడు ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇస్తామన్నవారి పేరు ఇక్కడ అనవసరం. వివరాల పుటను అచ్చు తీయించి నాకు చూపించాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, "అన్నీ సరిగానే ఉన్నాయిరా, వెళ్ళిరా" అన్నాను. వాడు బస్సెక్కి కామారెడ్డి వెళ్ళాడు. ఆదాయ ధ్రువపత్రం అసలు ప్రతి ఏదని అడిగారట. గడువు ఆనాటితో సరి. వాడు ఇల్లు చేరేసరికి చీకటి పడింది.

ఆ నియమం పుటలో లేకపోలేదు. "ముఖ్య నిబంధనలు" అన్న మాట పక్కన ఒక చిన్న బాణం గుర్తు ఉంది. దానిని నొక్కితే తెరుచుకుంటుంది. నొక్కకుండా అచ్చు తీస్తే కాగితం మీద ఆ శీర్షిక తప్ప మరేమీ రాదు. శీర్షిక కింద ఏమీ లేదేమని నాకు అనుమానం రావలసింది. రాలేదు. ఆ తప్పు నాదే. కాని ముఖ్యమని పేరు పెట్టి మరీ దాచినవారి తప్పు ఇంకా పెద్దది.

ఈ దాపరికం వెనుక ఉన్న యంత్రాంగం చిన్నదే. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పదిరోజులలో తొలిరూపమిచ్చిన జావాస్క్రిప్టు ఈ నాటకానికి సూత్రధారి. తరచుగా దాచిన పాఠం మన యంత్రానికి ముందే వచ్చి ఉంటుంది. "డిస్‌ప్లే: నన్" అన్న ఆజ్ఞ ఉంటే విహారిణి దానిని తెరమీద చూపదు, చోటు కూడా ఇవ్వదు. "విజిబిలిటీ: హిడెన్" అంటే అక్షరాలు కానరావుగాని వాటి చోటు ఖాళీగా మిగులుతుంది. మీట నొక్కగానే స్క్రిప్టు ఆ ఆజ్ఞను మారుస్తుంది. మరొక పద్ధతిలో పాఠం నొక్కిన తరువాతనే సర్వరు నుంచి బయలుదేరుతుంది. ఆ క్షణాన సిగ్నలు పోతే రానే రాదు. "డిస్‌ప్లే: నన్" పెట్టిన పాఠాన్ని అంధులకు చదివి వినిపించే సాధనం కూడా వదిలేసి పోతుంది. పుటను మూసి ఉంచి, తెరిచే పని స్క్రిప్టు ఒక్కదానికే అప్పగిస్తే, అది చెడిననాడు తాళంచెవి బావిలో పడ్డట్టే.

పుట పొడవైతే ఎవరూ చదవరు, మడిచి పెడితే ముచ్చటగా ఉంటుందని కుర్రవాళ్ళ వాదం. చదవరన్న భయంతో చదవలేకుండా చేయడం ఏమి న్యాయం? మడతలన్నీ పనికిరానివని నేననను. పొడుపుకథకు విప్పు దాచి ఉంచవలసిందే. లెక్కకు జవాబు వెనుక పుటలో ఉండవలసిందే. చదువరి తానుగా కనుగొంటే ఆనందపడేది దాచవచ్చు. తెలియకపోతే నష్టపోయేది దాచరాదు.

ఇది ఒక్క ఉపకారవేతనంతో పోయే మాట కాదు. రైతు హక్కు కూడా ఇప్పుడు తెరమీదికెక్కింది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో పట్టాదారు తన భూమి వివరాలు ఇతరులకు కనబడకుండా చేసుకునే వీలుండేది. అది స్క్రిప్టు వేసిన తెర కాదు, వివరమే గడప దాటని ఏర్పాటు. సొంతదారు ఏకాంతానికి అదొక రక్ష కావచ్చు. కాని గట్టు పొరుగువాడికి, కొనబోయేవాడికి, తగవులో ఉన్నవాడికి అదే చీకటి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. తొలి ప్రయోగానికి రాష్ట్రంలో ఎంచుకున్న నాలుగు మండలాలలో మా ఎల్లారెడ్డికి పొరుగున ఉన్న లింగంపేట ఒకటి. పేరు మారింది, చట్టం మారింది. ఇకనైనా ప్రజల కోసం పుట కట్టేవారు, ఏది దాచబోయినా, అది ఎవరి మేలుకోసమో ముందుగా తమను తాము అడగాలి.

నా కోరికలు పెద్దవి కావు. గడువు, రుసుము, కావలసిన పత్రాలు మడతలో పెట్టవద్దు. మడత పెట్టినచోట "మరింత" అని ఊరుకోక, లోపల ఏముందో పైన చెప్పండి. స్క్రిప్టు నడవకపోతే పాఠం తెరుచుకునే ఉండాలి. హెచ్‌టీఎంఎల్‌లో డీటెయిల్స్, సమ్మరీ అన్న మూలకాలు స్క్రిప్టు సాయం లేకుండానే మడత విప్పుతాయి, వాటిని వాడండి. అచ్చుకు పంపినప్పుడు మడతలన్నీ విప్పుకోవాలి.

పూవు, రెమ్మ కలిసి పూరెమ్మ అయినప్పుడు "వు" లోపిస్తుంది. అక్షరం పోతుందిగాని పూవు పోదు, ఎందుకంటే అక్కడేమి లోపించిందో తెలుగువాడికి తెలుసు. జాలపుటలో లోపించినది ఏమిటో పల్లెటూరి పిల్లవాడికి ఎవరు చెప్పాలి?

వాడు ఈ ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. అచ్చు తీయకముందు పక్కన కూర్చుని బాణాలన్నీ నొక్కించాను.