చివరి అధ్యాయంలో విప్పే ముడి

సైకలాజికల్ థ్రిల్లర్ అనే పేరుతో వచ్చే నవలలను నేను ఇష్టంగానే చదువుతాను. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. లేకపోతే ఈ టపా ముగిసేసరికి నేనేదో సాహిత్యంలో మడి కట్టుకున్నవాడినని మిత్రులు అనుకునే ప్రమాదం ఉంది. అయితే వరుసగా నాలుగైదు చదివిన తరువాత వాటి అల్లిక తెలిసిపోతుంది. కథానాయికకు కారణం తెలియని ఒక భయం, ఏళ్ళ తరువాత పుట్టింటికి ప్రయాణం, పెదవి విప్పని తల్లి, తాళం వేసిన గది. చివరి అధ్యాయంలో ఆ తాళం తెరుచుకుంటుంది. బాల్యంలో జరిగిన ఘోరం బయటపడుతుంది. పాఠకుడు హమ్మయ్య అని ఊపిరి వదిలి పుస్తకం మూస్తాడు.

నా అభ్యంతరమంతా ఆ 'హమ్మయ్య' మీదనే. కుటుంబ రహస్యమంటే ఎవరికీ తెలియని సంగతి అని ఈ నవలల నమ్మకం. మన ఇళ్ళలో రహస్యం వేరుగా ఉంటుంది. వీధి వీధంతటికీ తెలుసు, ఇంట్లో మాత్రం ఎవరూ పలకరు. అటువంటి రహస్యం బయటపడినంత మాత్రాన ఏమీ ముగియదు. తెలుగులో ఈ సంగతిని ఎనభై ఏళ్ళ క్రితమే పట్టుకున్న నవల ఒకటి ఉంది. దాని గురించి చెప్పబోయే ముందు ఒక సొంత గొడవ.

నా బాల్యం గోల్నాకలో గడిచింది. 1980లలో నెలనెలా కంట్రోలు దుకాణానికి పోయి చక్కెర తేవడం నా పని. ఇంట్లో మేము ఆరుగురం, రేషన్ కార్డులో పేర్లు ఏడు. ఏడవ పేరు మా మేనత్తది. ఆమెను చూసిన జ్ఞాపకం నాకు లేదు. ఆమె పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. చక్కెర మనిషికింత అని లెక్కగట్టి ఇచ్చేవారు కనుక ఆ పేరు కొట్టివేయించనూ లేదు. దుకాణదారు అప్పుడప్పుడు కార్డు మీద వేలు పెట్టి "ఈమె ఏడున్నదిరా?" అని అడిగేవాడు. "ఊళ్లె ఉన్నది" అనమని నాయనమ్మ నేర్పి పంపేది. అలాగే అనేవాడిని. వరుసలో నిలుచున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఒకావిడ నా తల నిమిరేది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నేను చెబుతున్నది అబద్ధమని నాకు తెలుసు. అది అబద్ధమని వారికీ తెలుసునని తెలుసు. ఆ అబద్ధం దేని గురించో నాకొక్కడికే తెలియదనీ తెలుసు. ఈనాటికీ ఏ నవలలోనైనా తాళం వేసిన గది వస్తే, నా మనసు మాత్రం ఆ వరుసలోకి పోయి నిలబడుతుంది.

సరే, నవల సంగతికి వస్తాను. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో ఆ ప్రాంగణమే రంగస్థలంగా నవీన్ రాసిన 'అంపశయ్య'ను మేమంతా చదివాము. 1969లో పుస్తకంగా వచ్చిన ఆ నవల రవి అనే విద్యార్థి మనసులో ఒక్క రోజు జరిగే ప్రయాణం. అందులో హత్య లేదు, విప్పవలసిన ముడీ లేదు. అయినా ఉత్కంఠకు కొదవలేదు. మనస్సే చాలినంత భయానక ప్రదేశమని నాకు మొదట తెలిపిన పుస్తకమది. ఆ ఊపులోనే ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' కొనుక్కున్నాను.

1946-47లలో 'నవోదయ' పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల అది. దయానిధి తల్లిని గురించి లోకం ఏదో అనుకుంటుంది. ఆమె చేసిన తప్పేమిటో రచయిత విచారణ జరిపి తేల్చడు. ఆమెకు వచ్చిన చెడ్డపేరు మాత్రం కొడుకు వెంట నడుస్తూనే ఉంటుంది. పెళ్ళి మాటలలో ఉంటుంది, స్నేహాలలో ఉంటుంది. అతడు వైద్యుడై, కోస్తా విడిచి రాయలసీమకు పోయినా వదలదు. కోమలి, అమృతం, ఇందిర, ఎవరికి చేరువ కాబోయినా ఆ పేరు మధ్యలోకి వస్తుంది. ఈ నవలలో బయటపడవలసిన రహస్యమంటూ లేదు, ఎందుకంటే అది మొదటినుంచీ బయటనే ఉంది. ఆ పుస్తకం మూసినప్పుడు నాకు కంట్రోలు దుకాణం ముందు నిలుచున్నవాడు ఇంకొకడు దొరికినట్టనిపించింది.

దీని పక్కన హిచ్‌కాక్ 1964లో తీసిన 'మార్నీ'ని ఉంచి చూడండి. విన్‌స్టన్ గ్రాహం 1961లో రాసిన నవల దానికి మూలం. అక్కడా తల్లి శీలమే ముడి. ఎరుపు రంగును చూస్తే వణికే మార్నీని భర్త బాల్టిమోర్‌లోని తల్లి ఇంటికి తీసుకుపోతాడు. ఆ ఇంట్లోనే చిన్ననాటి ఒక రాత్రి గుర్తుకు వస్తుంది. తల్లి బతుకుతెరువు ఏమిటో, ఒక నావికుడు ఎవరి చేతిలో చనిపోయాడో తెలిసిపోతుంది. మార్నీ భర్త వెంట వెలుపలికి నడుస్తుంది, సినిమా ముగుస్తుంది. దయానిధికి ఆ వీలు లేదు. అతనికి గుర్తు తెచ్చుకోవలసినదేదీ లేదు, మరువనిచ్చేవారే లేరు.

గుర్తుకు వస్తే నయమవుతుందన్న ఊహ ఫ్రాయిడ్, బ్రాయర్ కలిసి 1895లో ప్రకటించిన హిస్టీరియా అధ్యయనాల నాటిది. ఆ ఫ్రాయిడే 1914 నాటికి జ్ఞాపకం ఒక్కటే చాలదన్నాడు. మరచినదానిని మనిషి తన చేతలలో మళ్ళీ మళ్ళీ జరిపిస్తూనే ఉంటాడని, దానితో చాలాకాలం ఓపికగా పెనుగులాడవలసిందేనని రాశాడు. నేను చదివిన థ్రిల్లర్లలో చాలా వరకు 1895 దగ్గరే ఆగిపోయాయి. తెలుగులో బుచ్చిబాబు ఒక్కడే కాదు, ఆ దశకంలోనే గోపీచంద్ కూడా రెండవ మెట్టు మీద నిలబడ్డాడు. 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు తండ్రి నుంచి వచ్చిన వంశప్రతిష్ఠ బరువును మోయలేడు, దించలేడు. ఆస్తినీ మతినీ పోగొట్టుకుని శ్మశానంలో అంతమవుతాడు. ఆ నవలను గోపీచంద్ ఎందుకని ప్రశ్నించడం తనకు నేర్పిన తన తండ్రికి అంకితమివ్వడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది.

మా మేనత్త కథ నాకు మా నాన్న పోయిన రోజున తెలిసింది. ఆమె వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఆమె ఎవరో నాకు ఎవరూ చెప్పలేదు, పోలికే చెప్పింది. ఆమె చేసిన నేరమల్లా వేరే కులం వాడిని ఇష్టపడి పెళ్ళి చేసుకోవడం. కాపురమున్నది తార్నాకలో. గోల్నాకకు అయిదారు కిలోమీటర్లు. నాకా అంటే తనిఖీ చౌకీ. ఆ రెండు నాకాల నడుమ అన్నాచెల్లెళ్ళు జీవితకాలం ఆగిపోయారు. నేను విశ్వవిద్యాలయం నుంచి రోజూ చాయ్ తాగడానికి నడిచిపోయింది ఆ తార్నాక చౌరస్తాకే. ఆమె నన్ను పోల్చుకుని, కళ్ళు తుడుచుకుంటూనే అన్నది: "కార్డు పట్టుకొని పోయేటోడివి నువ్వే గదా? నా పేరు మీది చక్కెరంత మీరే తిన్నరు." వరుసలో తల నిమిరినావిడే ఆమెకు మా ఇంటి కబుర్లు చేరవేసేదట.

థ్రిల్లరైతే ఇక్కడ ముగియాలి. కాని మొన్న మా అమ్మాయి బడి పని కోసం వంశవృక్షం గీస్తూ, "తాతయ్యకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా నాన్నా?" అని అడిగింది. నా నోటినుంచి మొదట వచ్చిన మాట "లేరు". అన్నీ తెలిసినవాడినే, ఆమె పక్కన కూర్చుని ఏడ్చినవాడినే. అయినా వచ్చిన మాట అదే. కాసేపటి తరువాత పెన్సిలు తీసుకుని పేరు నేనే రాశాను. ఫ్రాయిడ్ 1914లో చెప్పినది నాకు ఆ పూట అర్థమైంది.

దీనికి ఒక ఎదురువాదం ఉంది, అది బలమైనదే. మాది పేరు పలకని కథ మాత్రమే. పిల్లల ఒంటి మీద జరిగిన నేరాలను దాచే ఇళ్ళలో రహస్యం బయటపడడమే మొదటి రక్షణ. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల నుంచి 12,447 మంది పిల్లలు పాల్గొన్నారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53.22 శాతం మంది చెప్పారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మినవారు. బుచ్చిబాబును ఎన్నడూ తెరవని పాఠకుడికి ఒక థ్రిల్లర్ ఈ మాట చేర్చగలిగితే దానికి నమస్కారమే. కాని 2012 నాటి పోక్సో చట్టం ఇటువంటి నేరం తెలిసీ ఫిర్యాదు చేయకపోవడాన్ని కూడా శిక్షార్హం చేసింది. అంటే చట్టం సైతం నేరస్థుడి దగ్గర ఆగక, తెలిసి ఊరుకున్నవారిని కూడా అడిగింది. మన థ్రిల్లర్లు నేరస్థుడిని పట్టిస్తాయి. తెలిసీ ఊరుకున్న చుట్టాలను, ఇరుగుపొరుగును ఏమీ అనకుండా ఇంటికి పంపుతాయి. పాఠకుడు వదిలే ఊపిరిలో సగం తనను ఎవరూ ఏమీ అడగలేదన్న తృప్తి అని నా అనుమానం.

'చివరకు మిగిలేది' కూడా లోపం లేనిది కాదు. అందులో తల్లి మాట కంటే తల్లిని గురించి లోకం అన్న మాటలే ఎక్కువగా వినబడతాయి. కొడుకు బాధ మనకు పుంఖానుపుంఖంగా తెలుస్తుంది, ఆమె బాధ తెలియదు. నేను చదవాలనుకునే తెలుగు థ్రిల్లర్ అక్కడ మొదలవుతుంది. కార్డులో పేరుండి ఇంట్లో చోటు లేని మనిషే దానిని చెప్పాలి. ఎవరు చేశారన్నది మొదటి పేజీలోనే చెప్పేయవచ్చు. తెలిసినవారంతా ఇన్నాళ్ళు ఎలా నిద్రపోయారన్నది చివరి పేజీ దాకా సాగాలి.

అటువంటిది ఇప్పటికే ఎవరైనా రాసి ఉంటే, మీలో ఎవరైనా చదివి ఉంటే, దయచేసి పేరు చెప్పండి. ఆదివారం ఆబిడ్స్‌లో వెదుకుతాను.