కారిన ప్రతిసారీ కాలిపర్‌దే తప్పా?

రీమాన్యుఫాక్చర్డ్ బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) కారిందంటే అది పనికిమాలిన సరుకు, తీసేసి ఇంకొకటి వేయించు. అమెరికాలో పాత కార్లు నడిపేవాళ్ల మధ్య ఇప్పుడు దీనిమీద చర్చ కూడా లేదు, ఎప్పుడో తీర్పై కూర్చుంది. చదువుకోడానికి వెళ్లి పాత కరోలానో, సివిక్‌నో కొనుక్కున్న మన పిల్లలకు ముందు వెళ్లినవాళ్లు చెప్పేదీ ఇదే. చాలా కాలిపర్లకు జీవితకాలం వారంటీ ఉంటుంది కనుక విడిభాగాల కొట్లో మారుమాట లేకుండా మార్చి ఇస్తారు. రెండోదీ కారితే మూడోది. మూడోదీ కారితే "ఈ రీమాన్ సరుకంతా ఇంతే" అన్న మాట మరింత గట్టిపడుతుంది.

ఈ తీర్పు తప్పు. బ్రేకుల విషయం కనుక ప్రమాదం కూడా. ఒకే చక్రం దగ్గర వరసగా మార్చిన కాలిపర్లన్నీ కారుతుంటే అనుమానించాల్సింది మారుస్తూ వచ్చిన వస్తువును కాదు, మార్చకుండా అలాగే ఉంచిన వాటిని.

రీమాన్ అంటే పాతదానికి రంగు వేసి అమ్మడం కాదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం ఒక భాగాన్ని ఆ పేరుతో అమ్మాలంటే దాన్ని అవసరమైన మేరకు విప్పాలి, లోపలా బయటా తుప్పు లేకుండా శుభ్రం చేయాలి, అరిగినవాటినీ చెడినవాటినీ బాగుచేయాలి లేదా మార్చాలి. అదీ ఆ పనే చేసే ఫ్యాక్టరీలో జరగాలి. పాత కాలిపర్ తెచ్చి ఇస్తే వెనక్కి వచ్చే కోర్ డిపాజిట్ ఇందుకోసమే. ఈరోజు మనం ఇచ్చినది రేపు ఇంకొకరి కారుకు రీమాన్ అవుతుంది. మన షెడ్లలో మెకానిక్‌లు కాలిపర్ విప్పి కిట్ వేస్తారు కదా, మూలంలో అదే పని. పోత ఇనుప దిమ్మ అంత త్వరగా చెడదు. చెడేవి రబ్బరు సీలు, పిస్టన్ పైపూత, గాలి తీసే బ్లీడర్ స్క్రూ.

నాసిపని చేసేవాళ్లు లేరని నేననను. సీలు కూర్చునే గాడిలో తుప్పు తీయకుండా కొత్త సీలు తోసినా, గుంటలు పడిన పిస్టన్‌నే మళ్లీ పెట్టినా ఆ కాలిపర్ కారి తీరుతుంది. దాన్ని వెనక్కి ఇవ్వాల్సిందే. నా అభ్యంతరమల్లా చూడకుండా ఇచ్చే తీర్పు మీద.

ముందుగా చూడాల్సింది బాంజో బోల్టు. బ్రేక్ హోస్ కాలిపర్‌తో కలిసేది అక్కడే. నడుమ బోలుగా ఉండే ఆ బోల్టు గుండానే బ్రేక్ ఆయిల్ లోపలికి వెళ్తుంది. హోస్ కొసనున్న కంటికి అటొకటి, ఇటొకటి రెండు వాషర్లుంటాయి, చాలా కార్లలో రాగివి. బిగించినప్పుడు మెత్తటి రాగి నలిగి సందుల్ని పూడుస్తుంది. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి అంత బాగా నలగదు. అందుకే విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. పాతవే వేసేవాళ్లున్నారు. అంతకంటే ఎక్కువగా జరిగేది ఇంకొకటుంది. పాత వాషర్ హోస్ కంటికి అంటుకుపోయి, మురికిలో కలిసిపోయి కనిపించదు. దాని మీదే కొత్తది పెట్టి బిగిస్తారు. ఇక అక్కడ ఎన్ని కాలిపర్లు మార్చినా కారుతూనే ఉంటుంది.

వాషర్ ఆనే ముఖం మీద గీత పడినా, ఫ్యాక్టరీలో వేసిన రంగు దళసరిగా నిలిచిపోయినా అంతే. బోల్టు మర కూడా చూడాలి. వ్యాసం 10 మిల్లీమీటర్లే అయినా మర పిచ్ 1.0, 1.25, 1.5 అని వేరువేరుగా ఉంటుంది. సరిపోని బోల్టు కొన్ని చుట్లు తిరిగి ఆగిపోతే చేతికి బిగిసినట్టే ఉంటుంది, లోపల వాషర్ మాత్రం నలగదు. అప్పుడు కారుతోందని ఇంకా బిగిస్తే మర చెడుతుంది, బోలు బోల్టు కాబట్టి విరిగినా విరుగుతుంది. ఆ కారు మాన్యువల్లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించడమే పద్ధతి.

మరి అందరూ సీలునే ఎందుకు తప్పుపడతారు? పైన బోల్టు దగ్గర ఊరిన ఆయిల్ దిమ్మ వెంట జారి, అన్నిటికంటే కిందున్న చోట, తరచు పిస్టన్ బూట్ (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) అడుగున చుక్క కడుతుంది. చూసినవాడు సీలు పోయిందంటాడు. సంగతి తేలాలంటే కారును స్టాండ్ల మీద నిలిపి, చక్రం విప్పి, ఆ భాగమంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వాలి. తర్వాత బోల్టు చుట్టూ, బ్లీడర్ చుట్టూ, బూట్ కింద విడివిడిగా తెల్ల టిష్యూ కాగితం పెట్టి, ఇంకొకరిని పెడల్ గట్టిగా తొక్కిపట్టమనాలి. ముందు తడిసిన కాగితమే జవాబు. కొత్తగా బిగించిన కాలిపర్ బూట్ దగ్గర గ్రీజు తడి కూడా కనిపించవచ్చు. మామూలు బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, గ్రీజు కలవదు. ఇంత చిన్న పరీక్ష చేయకుండానే కాలిపర్లు వెనక్కి వెళ్తున్నాయంటే నాకు బాధగా ఉంటుంది.

బ్లీడర్ దగ్గర కారితే కొందరు మరకు టెఫ్లాన్ టేపు చుడతారు. అది వృథా. ఆయిల్‌ను ఆపేది మర కాదు, స్క్రూ కొసనున్న శంకువు. అక్కడ తుప్పు రవ్వ ఇరుక్కుందేమో చూడాలి.

ఇక సీలు నిజంగానే కారుతోందనుకుందాం. అప్పుడైనా కాలిపరే కారణమని చెప్పలేం. షెవ్రొలే కార్వెట్ కథ చూడండి. 1965 నుంచి 1982 దాకా ఆ కారు నాలుగు చక్రాలకూ నాలుగేసి పిస్టన్ల కాలిపర్లు వచ్చాయి. ఇప్పటి కార్లలో సీలు దిమ్మలోని గాడిలో ఉండి పిస్టన్‌ను ఒరుసుకుంటుంది. కార్వెట్‌లో సీలు పిస్టన్ మీదే ఉండి బోరు (పిస్టన్ కదిలే రంధ్రం) గోడను ఒరుసుకునేది. గోడకు తుప్పు గుంటలు పడితే కారడం మొదలు. అందుకే బోరులో స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవ్ వేసి రీమాన్ చేయడం వచ్చింది. అలా చేయించినా కొందరికి కొన్నాళ్లకే పెడల్ మెత్తబడింది, చెడ్డపేరు మళ్లీ కాలిపర్‌కే వచ్చింది. ఫ్యాక్టరీ, చక్రంతో తిరిగే బ్రేక్ డిస్క్ అయిన రోటర్‌ను హబ్‌కు రివెట్లు కొట్టి, రెండిటినీ కలిపి చెక్కేది. రోటర్ మార్చేటప్పుడు రివెట్లు తొలిచేస్తే ఆ పొందిక పోతుంది, కొత్త రోటర్ కాస్త వంకరగా తిరుగుతుంది. తిరిగిన ప్రతి చుట్టులో పిస్టన్లు లోపలికీ బయటికీ ఆడి, సీలు పక్క నుంచి గాలిని లాగుతాయి, పెడల్ మెత్తబడేది అందుకే. దోషం రోటర్‌ది. దాన్ని సరిచేయకుండా ఎంత మంచి కాలిపర్ వేసినా నిలవదు.

మామూలు కార్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. రోటర్ కనిష్ఠ మందం కంటే పలచగా అరిగి, ప్యాడ్లు కూడా అయిపోతే పిస్టన్ ఉండాల్సిన దానికంటే బయటికి వచ్చేసి సీలు దగ్గర కారవచ్చు. ఎవరో పొరపాటున రిజర్వాయర్‌లో ఇంజిన్ ఆయిల్‌ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్‌ గానీ పోస్తే వ్యవస్థలోని రబ్బరంతా ఉబ్బుతుంది. మూత కింది రబ్బరు ఉబ్బి ఆకారం చెడితే అది గుర్తు. అప్పుడు లైన్లు కడిగి, మాస్టర్ సిలిండర్‌తో సహా రబ్బరు భాగాలన్నీ మార్చాలి. కొత్త కాలిపర్ ఒక్కటే వేస్తే దాని సీలు కూడా అదే దారి పడుతుంది.

"రీమాన్ గొడవ ఎందుకు, సరికొత్తది కొనేస్తే పోలా?" అంటారు. పాత వాషర్ మీద బిగిస్తే సరికొత్తదీ కారుతుంది. "వెతికే టైముకు మార్చేయడమే చవక" అని ఇంకో వాదన. మార్చిన ప్రతిసారీ లైను తెరవాలి, గాలి తీయాలి, ఆ హోస్‌ను మళ్లీ కదిలించాలి. ఆ పనికి కూలి ఉంది, వారంటీ ఆ కూలిని ఇవ్వదు.

కారుతున్నా నడపవచ్చులే అనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికాలో 1968 నుంచి తయారైన కార్లకు బ్రేకులు రెండు వేరు సర్క్యూట్లుగా ఉండాలని నిబంధన. ఒకదానిలో ఆయిల్ పోయినా రెండోది పనిచేస్తుంది, కానీ కారు ఆగడానికి చాలా ఎక్కువ దూరం పడుతుంది. ఆ భరోసాతో కారుతున్న బండిని రోడ్డెక్కించకండి. కాలిపర్ మార్చాలని మెకానిక్ అంటే, ఏ చోట కారుతోందో వేలుపెట్టి చూపించమని అడగండి. చూపించలేకపోతే విప్పనివ్వకండి.